నీళ్లకు హద్దురాయి

సక్రు పేరెత్తితే మా కచేరీలో ఇప్పటికీ నవ్వుతారు. సర్కారు రాళ్లను జరిపిన అమాయకుడని. నవ్వేవాళ్లలో ఒక్కడూ ఆ కొండల ముఖం చూసినవాడు కాదు. నేను చూశాను, అందుకే ఈ నాలుగు మాటలు.

1949 వేసవిలో మేం సూర్యాపేట నుంచి మిర్యాలగూడ మీదుగా పెద్దవూరకు, అక్కడి నుంచి కాలినడకన కృష్ణ ఒడ్డుకు వెళ్లాం. కొండల నడుమ ఆనకట్ట కడితే నీళ్లు ఎంత ఎత్తుకు వస్తాయో చూడడం మా పని. నేను కొలతలు రాసే గుమాస్తాను. ఓవర్సీయర్ సత్యానందం గారిది కోదాడ. నీళ్లు వచ్చేంత ఎత్తున, కొండవాలు పొడవునా రాళ్లు పాతి సున్నం కొట్టడానికి దగ్గరి తండా నుంచి సక్రును పెట్టుకున్నాం.

మూడో రోజు అతను నన్ను నది దగ్గరికి తీసుకెళ్లి ఒక రాళ్లకుప్ప చూపించాడు.

"నా బిడ్డ జమ్లీ. నిరుడు ఆవులను మేపనీకి వచ్చినప్పుడు జరమొచ్చి పోయింది. ఏడేండ్లది." కిందికి, నది వైపు చూసి అడిగాడు. "నీళ్లు గీడిదాంక వస్తయా దొరా?"

"ఆ పైన తెల్లరాళ్ల దాకా వస్తాయి, సక్రూ" అన్నాను. మెత్తగా చెప్పే తెలివి నాకు లేకపోయింది.

మర్నాడు సాయంత్రానికి వరుసలో నాలుగు రాళ్లు లేవు. జమ్లీ కుప్పకు పది అడుగుల దిగువన, నది వైపు, కొత్త సున్నంతో నిలబడి ఉన్నాయి.

సత్యానందం గారు కోప్పడలేదు. "రాళ్లు జరిపితే ఏం లాభమయ్యా? నీళ్లు రాయిని చూసి ఆగవు."

సక్రుకు నమ్మకం కుదరలేదు. "అడివి జవాన్లు రాళ్లు పాతిండ్రు, మా ఆవులు ఆగినయి. పట్వారి రాయి పాతిండు, మా నాగలి ఆగింది. సర్కారు రాయి పాతినంక ఆగంది ఏముంటది దొరా?"

రాళ్లను మళ్లీ పైన, పాత చోటే పాతమన్నారు సత్యానందం గారు. ఆ రాళ్లను అక్కడే ఉండనిద్దామని నాకు నోటిదాకా వచ్చింది. ఉద్యోగానికి భయపడి మింగేశాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

మర్నాడు నాలుగు రాళ్లనూ సక్రే పైకి మోసి పాతాడు. మళ్లీ దిగి, ఈసారి కుప్పలోని రాళ్లను మోయసాగాడు. ఎవరూ వద్దనలేదు. పొద్దు వాలేసరికి తెల్లరాళ్లకు ఎగువన చిన్న కుప్ప లేచింది. అప్పుడు గడ్డపార పట్టుకుని చివరిసారి దిగాడు. ఆ వట్టి మట్టి ముందు చాలాసేపు కూర్చున్నాడు. నక్కలు రాకుండా ముళ్లకంప కప్పి, పైకొచ్చాడు.

"రాళ్లు తెచ్చిన దొరా" అన్నాడు. "పిల్లను లేపనీకి చేతులు రాలె."