ముగ్గురం నీళ్లు పోసిన మొక్క

మా ఆఫీసులో పక్క సీటావిడకు ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు, లారీలో పట్టని సామానంతా తలా ఒకటి పంచింది. ఒకరికి ఇస్త్రీ బల్ల, ఇంకొకరికి పాత టేబుల్ ఫ్యాను వెళ్లాయి. నాకు మూడు కుండీలు వచ్చాయి. ఒకటి మనీప్లాంటు, ఒకటి కత్తుల్లాంటి ఆకులు నిటారుగా నిలబడే స్నేక్ ప్లాంటు, మూడోది తెల్లపువ్వు పూస్తుందని ఆమె చెప్పిన పీస్ లిల్లీ.

"వీటికి ఏం చెయ్యక్కర్లేదండీ, వాటంతటవే బతుకుతాయి" అని చెప్పి ఆమె వెళ్లిపోయింది. మొక్కల పెంపకంలో నాకు అందిన శిక్షణ అంతే.

నేను రైతుబిడ్డనే. మాది ఉదయగిరి కొండ కనపడేంత దూరంలో చిన్న పల్లె. అయితే మా ఇంట్లో మొక్క అన్నాక కాయాలి, లేదా గొడ్లు తినాలి. రెండూ చెయ్యనిదాన్ని కలుపు అనేవాళ్లు, పీకేవాళ్లు. పెళ్లయి ఆత్మకూరులో మేడమీద అద్దెవాటాలో కాపురం పెట్టాక కరివేపాకు కూడా కొనుక్కున్నాను గానీ పెంచలేదు. కుండీలు మూడూ తెచ్చి హాల్లో కిటికీ పక్కన పెట్టాను. ఇల్లు కాస్త బ్యాంకులా కనిపించింది.

నాయన ఆ వారంలోనే మా ఇంటికొచ్చాడు. రెండు కళ్లకూ శుక్లాలు. పల్లె నుంచి నెల్లూరు ఆసుపత్రికి తిరగడం కష్టమని, ఆపరేషనయ్యి చుక్కల మందు వేసినన్నాళ్లూ మా దగ్గరే ఉంచుకుందామని మా ఆయనే అన్నాడు. నాయన కుర్చీలో కూర్చుని కిటికీ వైపు ముఖం పెట్టాడు.

"ఏందమ్మా అది, గుబురుగా?"

"మొక్కలు నాయనా."

"ఏం కాస్తాయి?"

"ఏం కాయవు."

"మందుకా?"

"కాదు. ఇంట్లో గాలి బాగుంటుందంట."

నాయన కిటికీ వైపు చెయ్యి చూపించాడు. "గాలి కావాలంటే కిటికీ తీస్తే పోదా?"

లేచి కిటికీ తీశాను.

రోజూ పొద్దున దీపం పెట్టాక, ఆఫీసుకు పోయేముందు మూడు కుండీలకూ చెంబుతో నీళ్లు పోసేదాన్ని. మొక్కకు నీళ్లు పోస్తే పుణ్యమని చిన్నప్పటి నుంచీ విన్నాను గానీ ఎంత పోస్తే పాపమో ఎవరూ చెప్పలేదు. కొన్నాళ్లకు మనీప్లాంటు ఆకులు పసుపు తిరిగాయి. ఎండిపోతోందనుకుని ఇంకో చెంబు పోశాను. అయినా తగ్గలేదు. ఇంట్లో జీవితమంతా సేద్యం చేసిన మనిషి ఉన్నాడు కదా అని నాయనను అడిగాను.

ఆయన ఆకును కంటికి ఆనించుకుని చూశాడు. "బాగానే ఉండాది గదమ్మా."

"పసుపు తిరిగింది నాయనా."

"యాడ పసుపు? అన్నీ ఒక మాదిరిగానే ఉండాయి."

శుక్లం ముదిరితే లోకమంతా పసుపుగా కనిపిస్తుందని ఆసుపత్రికి పోయాకే తెలిసింది. ముందు ఒక కంటికి ఆపరేషన్ చేశారు. మర్నాడు కట్టు విప్పి, డాక్టరు వేళ్లు చూపించి ఎన్నని అడిగితే నాయన సరిగ్గానే చెప్పాడు. నల్లద్దాలు పెట్టి పంపించారు.

నా భుజం పట్టుకుని మెట్లెక్కి హాల్లోకి వచ్చాక, వద్దంటున్నా వినకుండా నల్లద్దాలు నుదుటిమీదికి జరిపాడు. నా ముఖం వైపు చాలాసేపు చూశాడు.

"తెల్ల వెంట్రుకలు వచ్చినాయే నీకు" అన్నాడు. తర్వాత కిటికీ వైపు తిరిగాడు. "ఈ మొక్క చచ్చిపోతా ఉండాది గదమ్మా. చూసుకోబళ్లా?"

రెండు వార్తలూ నాకు ముందే తెలుసు. అయినా కళ్లనీళ్లు వచ్చాయి.

ఆ సాయంత్రం టీ తాగుతూ విచారణ జరిగింది. నేను పొద్దునపూట పోస్తున్న సంగతి చెప్పాను. మా ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"నేను రోజూ భోంచేశాక పోస్తా ఉండాను. నువ్వు ఆఫీసు హడావిడిలో మర్చిపోతావని."

నాయన గొంతు సవరించుకున్నాడు. "మజ్జాన్నం నేనూ పోస్తా ఉండా. తాగంగా మిగిలిన నీళ్లు. పారబోస్తే పాపం గదా."

"వాటికి నోరు లేదు గదా మామా, అడిగేదానికి" అన్నాడు మా ఆయన.

"నోరుంటే మన ముగ్గుర్నీ తిట్టుండేది" అన్నాడు నాయన.

మర్నాడు డాబామీద గోనెసంచి పరిచి మనీప్లాంటు కుండీ బోర్లించాను. మురిక్కాలువ వాసన వచ్చింది. వేర్లు నల్లగా మెత్తబడి ఉన్నాయి. వంగకూడదు, దుమ్ము తగలకూడదు అని డాక్టరు చెప్పాడు కాబట్టి నాయన దూరంగా కుర్చీ వేసుకుని, నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు. ఆసామి ఆయన, కూలి నేను.

"ఆ నల్లదంతా కోసెయ్. ఇంకా పైకి. భయపడబాక. గణుపు చూసి కొయ్."

పచ్చగా మిగిలిన కొమ్మలు నాలుగంటే నాలుగు. వాటిని ఖాళీ పచ్చడి సీసాలో నీళ్లు పోసి పెట్టబోతుంటే ఆయన ఆపాడు.

"నీళ్లెక్కువై చచ్చేదాన్ని మళ్లా నీళ్లలోనే పెడతావా? ఎవురు చెప్పింది?"

"ఫోన్లో వీడియోలు పెట్టే ఒకమ్మాయి చెప్పింది నాయనా."

"ఆయమ్మికి ఎన్నెకరాలు ఉండాయంట?"

"బాల్కనీ ఉండాది."

కొమ్మలు నీళ్లలోనే పెట్టాను. అయితే ఆయన ఆ బాల్కనీ విషయం మనసులో పెట్టుకున్నట్టున్నాడు. రెండురోజులకు స్నేక్ ప్లాంటును ఎండలో పెట్టమన్నాడు. ఎండ తగలకుండా ఏ మొక్క బతికిందని వాదన. అది ఎండాకాలం. ఆత్మకూరులో మనుషులే ఎండకు బయటికి రారు. అయినా మామ మాట కాదనలేక మా ఆయన కుండీని డాబామీదికి మోశాడు. వారం తిరక్కుండా ఆకులమీద తెల్లటి మచ్చలు లేచి, అంచులు మాడిన దోసెలా అయ్యాయి.

కిందికి తెచ్చాక నాయన ఒక్కో ఆకునూ వేలితో తడిమి చూశాడు.

"నాకూ తెలవదమ్మా దీని సంగతి" అన్నాడు.

ఒక మొక్క గురించి తనకు తెలియదని ఆయన అనడం నేను వినడం అదే మొదలు. పోతే పోయిందిలే నాయనా, అన్నాను.

"నిమ్మతోట ఎండినప్పుడు ఏం చెయ్యాల్నో తెలిసీ చూస్తా కూసున్నాను. బోర్లో నీళ్లు లేవు గదా" అన్నాడు నెమ్మదిగా. నేను హైస్కూల్లో ఉండగా ఎండిపోయిన తోట అది. దాని మాట ఇంట్లో ఎవరం ఎత్తేవాళ్లం కాదు. "ఇది అట్టగాదు. తెలవక చెడగొట్టినాం. నేర్చుకుంటే పోతాది."

ఫోను తెచ్చి ఆయన పక్కన కూర్చున్నాను. ఆ అమ్మాయి వీడియో మొదటి నుంచి చివరిదాకా ఇద్దరం విన్నాం. "మాటలెక్కువ గానీ చెప్పేది నిజమే" అన్నాడు నాయన.

అప్పట్నుంచి చెంబు ఆయన చేతికి పోయింది. మట్టిలో వేలు పెట్టి, లోపల పొడిగా ఉంటేనే నీళ్లు. మా ఆయన అలవాటుకొద్దీ భోంచేశాక గ్లాసుతో హాల్లోకి వచ్చి, నాయనను చూసి, తనే తాగేసి వెళ్లిపోయేవాడు. ముగ్గురం సంగం ఊళ్లో పెళ్లికి పోయి రెండురోజుల తర్వాత వచ్చేసరికి పీస్ లిల్లీ ఆకులన్నీ కుండీ అంచుమీద వాలిపోయి ఉన్నాయి. అంతా అయిపోయిందనుకున్నాను. నాయన నీళ్లు పోసి దానికెదురుగా కుర్చీ వేసుకున్నాడు. చీకటి పడేలోగా అది లేచి నిలబడింది.

"మీ అవ్వ మాదిరే. పలకరిస్తే గానీ లేవదు" అన్నాడు.

ఒకరోజు పొద్దున ఆఫీసుకు బయల్దేరుతుంటే కేకేశాడు. పచ్చడి సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టుకుని ఉన్నాడు. "ఏరు! గణుపు కాడ చూడు!"

నాకు కనపడలేదు. కళ్లజోడు తెచ్చుకుని చూస్తే అప్పుడు కనిపించింది, దారపుపోగంత తెల్లటి వేరు. అంతసేపూ ఆయన సీసా దించలేదు.

రెండో కంటికీ ఆపరేషనయ్యి, చుక్కల మందు అయిపోయాక నాయన పల్లెకు బయల్దేరాడు. వేరొచ్చిన కొమ్మల్లో ఒకటి పాత స్టీలు డబ్బాలో నాటించుకున్నాడు. డబ్బాను సీటుకింద పెట్టమని కండక్టరు చెప్పినా వినకుండా ఉదయగిరి దాకా ఒళ్లో పెట్టుకునే పోయాడట.

నెల తర్వాత మా తమ్ముడు ఫోన్ చేశాడు.

"ఏం మొక్క ఇచ్చి పంపినావక్కా? కూలర్ గాలి తగిలితే దానికి పడదంట. కూలర్ని వరండాలో పెట్టించినాడు నాయన."

"మొక్క ఎట్ట ఉండాది?"

"దానికేం, కొత్తాకు ఏసింది. మేమే ఉక్కకు చస్తా ఉండాం."

నాయనకు ఫోనివ్వమన్నాను. పనిలో ఉన్నానని, తర్వాత మాట్లాడతానని చెప్పించాడు.