సావో పాలో నుంచి మా కొట్టందాకా

మా ముత్తాతగారి కొట్టంలో ఇరవై జతల ఒంగోలు ఎడ్లు ఉండేవి. ఆయన పెంచిన గిత్త ఒకటి ఓడెక్కి బ్రెజిల్ వెళ్లింది. ఆయన కొడుకు, మా తాతగారు, ప్రత్తిపాడు చుట్టుపక్కల ఏ తగవు వచ్చినా పిలిపించుకునే పెద్దమనిషి. నేను వాళ్ల వారసుణ్ణి, ఆ మాట చెప్పుకోవడానికి నాకు సంకోచం లేదు.

మొన్న మా మనవరాలు ఫోనులో రెండు విమానాశ్రయాల పేర్లు కొట్టి, మధ్య దూరమెంతో, ప్రయాణం ఎన్ని గంటలో, దారిలో ఎక్కడ ఎంతసేపు ఆగాలో రెప్పపాటులో చెప్పింది. ఒకప్పుడు నేను ఆ లెక్క తప్పినందుకు మా తాతగారు రెండు పగళ్లు అన్నం ముట్టలేదు.

తొంభైల చివర్లో నేను గుంటూరులో లెక్కల మాస్టరుగా చేసేవాణ్ణి. అప్పటికి పొలం చాలావరకు పోయి, కొట్టంలో ఒక్క గిత్త మిగిలింది. ఓడెక్కిన మా గిత్త సంతతిని పెంచుతున్న బ్రెజిల్ రైతు ఒకాయన, మా ఇల్లు చూడాలని ఉందని, శనివారం సాయంత్రం ఆరింటికి సావో పాలోలో విమానమెక్కి, హైదరాబాదులో దిగి కారులో వస్తానని ఊళ్లోని ఎస్టీడీ బూత్‌కి ఫ్యాక్స్ పంపాడు. అతిథి వస్తానన్న రోజున ఆయన విస్తరి ముందు కూర్చునేదాకా ఇంటిపెద్ద మెతుకు ముట్టకపోవడం మా వంశాచారం. అందుకని ఆయన ఎప్పటికి చేరతాడో తేల్చమన్నారు తాతగారు. నేను బడినుంచి గ్లోబు తెచ్చి, రెండూళ్ల మధ్య దారం బిగించి, ఆ దారాన్నే నలభై వేల కిలోమీటర్ల భూమధ్యరేఖ మీద పరిచి, దూరం పద్నాలుగు వేల కిలోమీటర్ల పైచిలుకని, విమానంలో పదహారు గంటలని, కారు ప్రయాణం కలుపుకొని ఆదివారం సాయంత్రం ఐదుకల్లా మన వాకిట్లో ఉంటాడని ధీమాగా చెప్పాను.

ఐదు దాటింది, ఆరు దాటింది, నాటుకోడి కూర చల్లారిపోయింది, కారు రాలేదు. సోమవారం మధ్యాహ్నానికి, అసలే చక్కెర జబ్బున్న తాతగారు నీరసించి మంచమెక్కారు. మజ్జిగ గ్లాసు అందిస్తే పక్కకు నెట్టారు. నాయనమ్మ నామీద విరుచుకుపడింది.

"ఒరేయ్ మాస్టరూ, నీ దారం తీసుకెళ్లి పొయ్యిలో పెట్టు! ఈయనకేమన్నా అయితే నీ గ్లోబు వచ్చి లేపుతుందంట్రా?"

తాతగారు మాత్రం మంచం మీదికి ఆ గ్లోబే తెప్పించుకొని మెల్లగా తిప్పి చూశారు. ఒంగోలు దాటి ఎరగని మనిషి.

"ఏరా, మనకు పొద్దుగూకితే వాళ్లకు తెల్లారుతుంది కదా. ఆయన ఆరింటికి ఎక్కానంటే, ఏ ఊరి ఆరింటికిరా?"

బీయెస్సీ చదివిన నేను ఆ సంగతే లెక్కలో వేసుకోలేదు. గడియారాల తేడా ఒక్కటే కాదు, విమానం నా దారంలా ఒక్క బిగిన రాదని, యూరప్‌లో ఒకసారీ బొంబాయిలో మరోసారీ మారి గంటలకొద్దీ కాచుకోవాలని తర్వాత తెలిసింది.

సోమవారం దీపాలు పెట్టేవేళ కారు ఆగింది. తాతగారు లేచి, ఆ నీరసంతోనే అతిథికి కాళ్లకు నీళ్లిచ్చి, విస్తరి ముందు కూర్చోబెట్టి, ఆయన మొదటి ముద్ద తిన్నాకే తను తిన్నారు. ఉపవాసం మాట ఆయనకు తెలియనివ్వలేదు. భోజనమయ్యాక అతిథి తన గిత్త ఫోటోను కొట్టంలో మా గిత్త పక్కన పెట్టి చూపించాడు. అదే మూపురం, అదే నుదురు. "మనోడే" అన్నారు తాతగారు, సొంత మనవణ్ణి చూసినంత మురిపెంగా. నన్ను ఆ రోజే కాదు, ఆ తర్వాతా ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు వచ్చేవాళ్లు ఏ మలుపులో ఉన్నారో ఫోనులోనే కనిపిస్తుంది కాబట్టి ఎవరి వేళకు వాళ్లం తినేస్తున్నాం. లెక్కలో తప్పు పోయింది, దానితోపాటే ఒకరికోసం ఆకలితో కూర్చోవడమూ పోయింది.

తాతగారు పోయిన మరుసటి ఏడు కొట్టంలో మిగిలిన ఆ ఒక్క గిత్తనూ చీమకుర్తి గ్రానైటు క్వారీ యజమాని ఒకాయనకు బండలాగుడు పందేలకని అమ్మేశాం.