తోడు స్లైడు పెట్టని హేతువాది

మీరు చివరిసారి రుజువు అడిగింది ఎదుటివాణ్ణా, మిమ్మల్నా? నేనెప్పుడూ ఎదుటివాణ్ణే. అందుకే తొంభైల మొదట్లో ఫిల్మ్‌నగర్ గుట్ట మీది నా గదికి మనిషన్నవాడు వచ్చేవాడు కాదు. వచ్చినవాడి మొలతాడు మీద ఉపన్యాసమిస్తే ఎవడొస్తాడు? మిగిలిన ఒకే ఒక్క గడపనూ ఎలా పోగొట్టుకున్నానో చెబుతాను, నవ్వుకోండి.

అది పక్కింటి లైట్‌మన్ యాదయ్య గడప. ఆదివారం చాయ్ అక్కడే. గుమ్మానికి నిమ్మకాయ కట్టిన అతని భార్య సత్తెమ్మను "రుజువేదమ్మా?" అని సతాయిస్తూ తాగేవాణ్ణి. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాలుగో కాలు మూఢనమ్మకం!

యాదయ్య వెన్నుపాములో గడ్డ లేచింది. దాని ముక్క నేను పనిచేసే ల్యాబుకే వచ్చింది. నాడీకణాలకు ఆసరాగా ఉండే కణాల్లో ఒక ప్రోటీను ఉంటుంది. దాన్ని పట్టుకునే మందు చుక్క వేసి రంగు కడితే, ఆ కణాల్లో పుట్టిన గడ్డ గోధుమరంగుకు తిరుగుతుంది. ముక్క అతికించిన గాజు స్లైడు పక్కన, రంగు తప్పక తేలే మరో స్లైడును తోడు పెట్టాలి; అదీ తేలకపోతే తప్పు మన చేతిదని తెలుస్తుంది. నా చేతికి తోడెందుకని పెట్టలేదు.

రంగు తేలలేదు. డాక్టరుకైనా చూపకుండా గుట్టెక్కాను.

"ఇది వెన్నులో పుట్టింది కాదమ్మా. ఇంకెక్కడి నుంచో పాకిన క్యాన్సర్."

"పక్కానా సారూ?"

"సైన్సమ్మా! నిమ్మకాయ కాదు."

"పిల్లను మీ తల్లిగారింట్ల ఇడిచిరా" భార్యతో అన్నాడు యాదయ్య.

మర్నాడు డాక్టరమ్మ అడిగింది: "తోడు స్లైడేదయ్యా?"

"పెట్టలేదు మేడమ్."

"ఎందుకని?"

"నమ్మకం మేడమ్."

ల్యాబంతా గొల్లున నవ్వింది. ఆమె ఫ్రిజ్ తెరిచింది. మూతైనా తీయని మందు సీసా కొత్త పెళ్లికూతురిలా కూర్చుని ఉంది. చుక్క వేయాల్సిన వేళ నేను అటెండరుకు గ్రహణం గురించి బోధిస్తున్నాను!

మళ్లీ చేశాం. రెండు స్లైడులూ ఇరానీ చాయ్ రంగుకు తిరిగాయి. వెన్నులో పుట్టినదే, కోసి తీసేస్తే మనిషి నిలబడే రకం. పరుగున వెళ్లి చెప్పాను. సత్తెమ్మ ఏడ్చింది, నవ్వింది, కళ్లు తుడుచుకుంది.

"నా నిమ్మకాయకు రుజువు అడిగితివి గద సారూ. నీ మాటకు ఎవలడగాలె?"

ఆపరేషనయ్యాక యాదయ్య లేచి నడిచాడు, నా గది వైపు మాత్రం కాదు; ఆ గడపకు నన్ను పిలవనూ లేదు. ఆ తర్వాతి ఆదివారాలు నా గదిలోనే రెండు గ్లాసుల్లో చాయ్ పోసి, రెండూ నేనే తాగాను.

హేతువు సాక్షిగా ప్రమాణం: తోడు లేనిదే ఇక దేన్నీ నమ్మను, ముఖ్యంగా నన్ను.

మీరూ లేవండి. నిన్న ఘంటాపథంగా చెప్పిన మాటొకటి పట్టుకుని పక్కింటి తలుపు తట్టండి. తప్పేమో చూడమనండి. చాయ్ ఇస్తే, నోరు మూసుకుని తాగండి.