నానమ్మ మాటల్లో పెరిగిన లాన్

తాతయ్య నలభై ఏళ్ళు దర్జీ పని చేశాడు. మిషను అమ్మేశాక కూడా మెడలో టేపు తీయలేదు. ఇంటి ముందున్న కాస్త లాన్‌నీ గుడ్డముక్కలాగే చూసేవాడు. పూలమడి ఎక్కడ వేయాలో తేల్చుకోవడానికి అందరిలా గునపం పట్టేవాడు కాదు. పాత దుప్పట్లను మడి ఆకారంలో కత్తిరించి గడ్డి మీద పరిచేవాడు. మూడు రోజులపాటు ఇంటిల్లిపాదీ వాటి పక్కనుంచే నడవాలి. ఎవరి కాలైనా దుప్పటి మీద పడితే తప్పు కాలిది కాదు, మడిది. వెంటనే కత్తెర తెచ్చి అంచు తగ్గించేవాడు. కింద గడ్డి పాలిపోకుండా పొద్దుగూకేసరికి దుప్పట్లన్నీ ఎత్తేసేవాడు. బట్టలు ఆరేయడానికి దండెం లేదు కాబోలునని పక్కింటివాళ్ళు జాలిపడేవారు.

ఒకరోజు చిక్కుడుగింజ ఆకారంలో పరిచిన దుప్పటి ఎలా కుదిరిందో చూద్దామని వెనక్కి నడిచాడు. ఇంకాస్త వెనక్కి నడిచాడు. నీళ్ళపైపు కాలికి చుట్టుకుంది. చీలమండ విరిగింది. ఆరు వారాలు కట్టు, కాలు కింద పెట్టకూడదన్నారు. మంచం వెనకగదిలో వేశారు. దాని కిటికీలోంచి పక్కింటి గోడ తప్ప ఏమీ కనబడదు.

"మీకెందుకు బావా, నేనున్నాగా" అన్నాడు నానమ్మ తమ్ముడు. ఇంట్లో అందరూ ఆయన్ని సర్వజ్ఞుడంటారు, ఆయన ఎదుట తప్ప.

"ఒక గ్లాసు యూరియా, బకెట్ల కొద్దీ నీళ్ళు. అదీ ఎండ దిగాకే. అంతకుమించి నీ తెలివి వాడకురా" అన్నాడు తాతయ్య.

సర్వజ్ఞుడు మిట్టమధ్యాహ్నం అరబస్తా చల్లి, నీళ్ళు రేపు పడదామని భోజనానికి వెళ్ళాడు. నాలుగు రోజుల్లో లాన్ ఇస్త్రీపెట్టె మరిచిపోయిన చొక్కాలా మాడింది. అది కనబడకూడదని మొత్తం తవ్వి పారేసి, ఊళ్ళో పనుందంటూ మాయమయ్యాడు.

"కట్టు విప్పేదాకా ఆయనకెవరూ చెప్పొద్దు" అంది నానమ్మ. కోడలు సరేనంది. మనవలకు చాక్లెట్లు ముట్టాయి కాబట్టి వాళ్ళూ సరేనన్నారు.

"గడ్డి ఎలా ఉంది?" అని అడిగేవాడు తాతయ్య పొద్దున్నే.

"పచ్చగా ఉందండీ."

"పచ్చగా అంటే?"

"మీ చెల్లెలి పట్టుచీరంత."

తాతయ్యకు ఆ చీర రంగు తెలుసు. దాని జాకెట్టు కుట్టింది ఆయనే. తృప్తిగా తలాడించి, న్యూస్‌పేపరు మీద కొత్త మడి గీసి, కత్తిరించి ఇచ్చేవాడు. ఎండ తగిలే చోట బంతి, గోడ నీడలో క్రోటన్లు. మొక్కకీ మొక్కకీ మధ్య జానెడు ఖాళీ. పెరిగే పిల్లల గౌనుకు మడత వదిలినట్టే వదలాలనేవాడు. నానమ్మ ఆ కాగితాలు పట్టుకుని ఇంటి ముందుకు వెళ్ళి, కాసేపాగి వచ్చి, "పరిచాను, ఎవరి కాలూ పడలేదు" అనేది. కొన్నాళ్ళకు "తవ్వించాను" అంది. ఆ తర్వాత "విత్తనాలు వేశాను" అంది. ఐదోరోజుకు మొలకలూ వచ్చేశాయి.

మొలకలు ఒత్తుగా ఉన్నచోట పీకేయమన్నాడు తాతయ్య. నానమ్మ వెళ్ళి వచ్చి మంచం చివర కూర్చుంది.

"పాపం అనిపించిందండీ, ప్రాణమున్నవి కదా."

"పిచ్చిదానా, అలా పీకితేనే మిగతావి బాగుపడతాయి" అని తాతయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆ పూటంతా ఆమెను ఓదార్చాడు. టేపు తీసి ఆమె మెడలో వేసి, "ఇక తోటకు నువ్వే మేస్త్రీవి" అన్నాడు కూడా.

కట్టు విప్పించే రోజు, ముందు మెట్లు జారుతున్నాయని చెప్పి పెరటి గుమ్మంలోంచి తీసుకెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోవాడు మాత్రం కుట్రలో లేడు. తిన్నగా ముందు గేటు దగ్గరే ఆపాడు.

"ఇల్లు కడుతున్నారా సార్? పునాదికి బాగా చదును చేశారు" అన్నాడు.

తాతయ్య కర్ర ఊతంతో దిగి గేటు పట్టుకుని నిలబడ్డాడు. మట్టి తప్ప ఏమీ లేదు.

"మీ బీపీ సంగతి తెలిసే చెప్పలేదు. అంతా మా తమ్ముడి నిర్వాకం" అంది నానమ్మ.

"వాడు తగలెట్టింది గడ్డిని" అన్నాడు తాతయ్య. గొంతు పెరగలేదు. "మొలకలు పీకానని ఏడుపుమొహం పెట్టావే, అది ఎవడి నిర్వాకం? ఓదార్చాను కదా నిన్ను."

కోడలు ఆటోవాడితో చిల్లర గురించి అక్కర్లేని మాటలు మొదలుపెట్టింది.

ఆ తర్వాత తాతయ్య ఎవరినీ ఏమీ అనలేదు. అడగడం మానేశాడు, అంతే. నానమ్మ "టీ అయింది" అంటే కుంటుకుంటూ వంటింటి దాకా వచ్చి గిన్నెలోకి తొంగి చూసేవాడు. "వాన పడుతోంది" అంటే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టేవాడు. "మీ స్నేహితుడొచ్చాడు" అంటే, హాల్లోంచి ఆయన దగ్గు వినబడేదాకా కదిలేవాడు కాదు. మనవలు నవ్వు ఆపుకోలేక చచ్చేవారు. నానమ్మ మాత్రం నవ్వేది కాదు.

వానల్లో ఒక ఉదయం ఆమె పరుగున లోపలికి వచ్చింది. తాతయ్య పది రోజుల కిందట ఎవరికీ చెప్పకుండా, ఒక్కడే కూర్చుని గడ్డి విత్తనాలు చల్లాడు.

"ఏమండీ, మొలిచాయి. గోడవార, సూదుల్లా."

తాతయ్య కళ్ళజోడు తుడుచుకున్నాడు, కర్ర తీసుకున్నాడు, బయటికి వెళ్ళాడు. చాలాసేపు వంగి చూశాడు. తిరిగి వచ్చేసరికి నానమ్మ గుమ్మంలోనే ఉంది.

"ఉన్నాయి కదా?" అంది.

"ఉన్నాయి. చూసొచ్చాను" అని ఆయన ఆమెను దాటుకుని లోపలికి వెళ్ళిపోయాడు.