పట్టాలో కిటికీ

మా నోట్బుర్గవ్వకు ఎనభై రెండేళ్లు. తెల్లారగానే పాలక్యానుతో పాత చర్చి ముందు ఆగి, తలగుడ్డ వెనక్కి నెట్టి, బయటి గోడమీద గోడంత ఎత్తున గీసిన పునీత క్రిస్టఫర్ బొమ్మ ముఖం చూశాకే పాలకు కదులుతుంది. ఆ ముఖం చూసినవాళ్లకు ఆ రోజుకు చావు రాదని మా కొండల్లో నమ్మకం. మొన్న సోమవారం, రంగులు బాగుచేసేవాళ్లు బొమ్మ మొత్తానికీ టార్పాలిన్ పట్టా కప్పేశారు. అవ్వ క్యాను కింద పెట్టి వాళ్ల నిచ్చెన ఎక్కింది.

“దిగవ్వా, పడి చస్తావు!” అని అరిచాడు పనివాడు ఎల్మార్.

“ముందు ముఖం చూడనీరా. చూశాక పడ్డా చావను!”

పట్టా ఎత్తి, తనివితీరా చూసి, మెల్లగా దిగి పాలకు వెళ్లిపోయింది. మర్నాటికి ఎల్మార్ పట్టాలో, కింది నుంచి ముఖం కనబడేలా కిటికీ అంత కంత కోశాడు. “ముసలమ్మ బాధ పడలేక” అన్నాడు నాతో. నిచ్చెన ఎక్కేముందు టోపీ తీసి, ఆ కిటికీకేసి మొదట చూసింది మాత్రం వాడే.