రాజాబాబు వియత్నాం చుట్టరికం

రాజాబాబుకు వరస కలపకుండా మనిషితో మాట్లాడటం రాదు. ఎదుటివాడు అన్నో, బావో, అల్లుడో తేలేదాకా ఆయన నోట అసలు సంగతి బయటికి రాదు. బాన్సువాడ బస్సెక్కి టికెట్ అడగబోయి, "మీదేవూరు బాబూ?" అని కండక్టరును పలకరిస్తాడు. నస్రుల్లాబాద్ వచ్చేసరికి కండక్టరు మేనల్లుడైపోతాడు, టికెట్ మాత్రం ఇంకా కొట్టి ఉండడు. హెల్మెట్ లేదని ఆపిన కానిస్టేబులును కూడా తమ్ముణ్ణి చేసుకున్నాడు. తర్వాత ఇంటికొచ్చిన చలానాలో తన ఫోటో చూసి, "తమ్ముడు ఎంత చక్కగా తీశాడో!" అని వీధి వీధంతా తిప్పి చూపించాడు.

ఆయన దెబ్బకు ఒక పెళ్లే ఆగిపోబోయింది. తాంబూలాలు పుచ్చుకునే చోట పెళ్లికూతురి తండ్రిని "అన్నయ్యా" అన్నాడు, పెళ్లికొడుకు తండ్రిని "తమ్ముడూ" అన్నాడు. ఆ లెక్కన వధూవరులిద్దరూ అన్నాచెల్లెళ్లయి కూర్చున్నారు. ఒక ముసలావిడ ముక్కున వేలేసుకుంది. ఆవిడ వేలు తీసి నోరు తెరిచేలోగా రాజాబాబు నిలుచున్నపాటున తమ్ముణ్ణి బావగా మార్చేసి పెళ్లి నిలబెట్టాడు.

ఇలాంటి మేనమామ ఉన్నందుకు ఎక్కువ ఇబ్బంది పడేది రైస్‌మిల్లు సాయిప్రసాద్. ఈ ఏడు అతను అప్పుచేసి వియత్నాం నుంచి బియ్యం పాలిష్ పట్టే మిషన్ తెప్పించాడు. దాన్ని బిగించడానికి తువాన్ అనే ఇంజనీరు వచ్చాడు. యాసంగి కోతలై వడ్లు వచ్చేలోగా మిషన్ తిరగాలి. తిరక్కపోతే రైతులు ఇంకో మిల్లు చూసుకుంటారు, సాయిప్రసాద్ మిల్లుకు తాళం వేసుకోవాలి. అందుకే తల్లి నాగేశ్వరమ్మతో గట్టిగా చెప్పాడు.

"అమ్మా, ఈ సంగతి మామయ్య చెవిన పడకూడదు. వచ్చాడంటే ఇంజనీరుగారిని వయసెంత, పెళ్లయిందా అని పీక్కు తింటాడు. వాళ్లు అలాంటివి అడిగించుకోరు."

తువాన్‌కు రాచమర్యాదలు జరిగాయి. ఏసీ గది, వెండికంచం. అతిథి తినేదాకా ఇంట్లోవాళ్లు మెతుకు ముట్టకూడదని నాగేశ్వరమ్మ పట్టు. కాబట్టి తువాన్ ఒక్కడే బల్ల ముందు కూర్చుని తినేవాడు, ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి ప్రతి ముద్దా లోపలికి వెళ్లేదాకా చూసేవారు. మిల్లులో అడుగుపెడితే హమాలీలు బస్తాలు దించి మరీ నిలబడి "సార్" అనేవారు. తువాన్ మొదట నవ్వు మానేశాడు. తర్వాత అన్నం తగ్గించాడు. చివరికి, మిషన్ సగంలో ఉండగా, "రేపు ఉదయం కారు కావాలి. వెళ్లిపోతాను. నా బదులు ఇంకొకరు వస్తారు" అన్నాడు. ఎప్పుడొస్తారో అతనికీ తెలియదు.

సాయిప్రసాద్ తల పట్టుకున్నాడు. "పప్పులో కారం ఎక్కువైందేమోరా" అని నాగేశ్వరమ్మ కళ్లొత్తుకుని, చేసేదేమీ లేక తమ్ముడికి ఫోన్ చేసింది.

ఫోన్ పెట్టేసేలోగా రాజాబాబు గుమ్మంలో ఉన్నాడు. మిల్లు హమాలీల మేస్త్రీ లక్‌పతిని వెంటబెట్టుకుని మరీ వచ్చాడు.

"వెళ్లేవాణ్ణి ఎలాగూ ఆపలేవు. ఈ సాయంత్రం రోడ్డు పక్క నర్సింలు దాబాకు తీసుకెళ్దాం పద."

దాబాలో నులక మంచం మీద కూర్చోగానే రాజాబాబు గొంతు సవరించుకున్నాడు.

"వయసెంతో అడగరా."

"మామయ్యా, తప్పు! విదేశీయుల్ని అది అడక్కూడదు."

"అడక్కపోతే అన్నో తమ్ముడో ఎలా తెలుస్తుందిరా? పేరు పెట్టి పిలవడానికి ఆయనేమన్నా ట్రాక్టరా?" అని, తానే తువాన్ వైపు తిరిగి, "ఏజ్? ఏజ్?" అని అరిచాడు.

సాయిప్రసాద్ కళ్లు మూసుకున్నాడు. ఒక కన్ను తెరిచి చూస్తే తువాన్ మంచం మీద ముందుకు జరిగి కూర్చున్నాడు. తన వయసు చెప్పాడు, రాజాబాబు వయసు అడిగాడు. అంతటితో ఆగక, తన తండ్రి రాజాబాబు కంటే పెద్దవాడని వేళ్లమీద లెక్కేసి చూపించాడు.

"అయితే నేను బాబాయిని!" అన్నాడు రాజాబాబు.

సాయిప్రసాద్ ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే తువాన్ తొడ చరిచాడు. వాళ్ల దేశంలోనూ వయసు తెలిస్తే గాని నోరు విప్పరట. తండ్రికంటే పెద్దవాడికి ఒక పిలుపు, చిన్నవాడికి ఇంకొకటి. వచ్చిన దగ్గర్నుంచి తననెవరూ వయసు అడక్కపోతే, ఇక్కడ తనతో ఎవరికీ పని లేదనుకున్నాడట.

ఇక పట్టపగ్గాల్లేవు. వయసులో పెద్దవాడు గనక లక్‌పతి తువాన్‌కు అన్న అయ్యాడు. అందరిలోకీ చిన్నవాడు గనక సాయిప్రసాద్ తమ్ముడయ్యాడు. వాళ్ల ఊళ్లో చిన్నవాడే వడ్డించాలంటూ తువాన్ అతని చేతికి గరిటె ఇచ్చాడు. మిల్లు యజమాని లేచి అందరికీ కోడికూర వడ్డిస్తుంటే, దాబా నర్సింలు నోరెళ్లబెట్టాడు.

"ఏంది సేటూ, గీ పని ఎప్పుడు షురూ చేసినవ్?"

"మాట్లాడకు. రొట్టెలు పట్రా."

తువాన్ మంచి ముక్క ఏరి రాజాబాబు కంచంలో వేశాడు, లక్‌పతి కంచంలోంచి తాను తీసుకున్నాడు. నోటినిండా జొన్నరొట్టెతో ఒక మాట అన్నాడు. వచ్చాక తనతో కలిసి ఎవరైనా తినడం ఇదే మొదలని. సాయిప్రసాద్‌కు వెండికంచం గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ మర్యాద అనుకుని మనిషిని వెలివేశాడు.

చేతులు కడుక్కునే చోట లక్‌పతి మెల్లగా అన్నాడు. "సేటూ, నేను మా తండాకెల్లి వచ్చి మిల్లుల కొత్తగ చేరినప్పుడు బస్తాల ఎనక ఒక్కన్నే తింటుంటి. ఒకనాడు మీ మామ వచ్చి, 'బావా, నీ డబ్బాల ఏముంది?' అని పక్కన కూసున్నడు. బావ అన్నంక లెమ్మంటమా? ఇగ ఆయన్ని జూస్తే, గా కండక్టరైనా, గా పోలీసాయనైనా, ఒక్కడే ఉన్నోన్నే పట్టుకుంటడు."

సాయిప్రసాద్ వెనక్కి చూశాడు. దాబా మూలన ఒక్కడే కూర్చుని తింటున్న లారీ డ్రైవరు దగ్గరికి రాజాబాబు అప్పుడే తన కంచం పట్టుకుని వెళ్తున్నాడు.

తెల్లారి సాయిప్రసాద్ బెరుకుబెరుగ్గా కారు తీసి గది తలుపు తట్టాడు. గది ఖాళీ. మిల్లుకు పరుగెత్తాడు. మిషన్ పక్కన హమాలీల మధ్య బాసింపట్టు వేసుకుని తువాన్, ఒళ్లో లక్‌పతి డబ్బా. పక్కనే రాజాబాబు.

"ఒరేయ్, రాత్రంతా నిద్ర లేదు. వరస తప్పింది," అన్నాడు రాజాబాబు. "నేను ఇతనికి బాబాయిని, నీకు మేనమామను. అంటే ఇతను నీకు అన్న ఎలా అవుతాడు? బావ!"

తువాన్ నూనె చేతులు తుడుచుకుని, పొద్దుటి నుంచి వల్లె వేసిన తెలుగును జాగ్రత్తగా బయటికి తీశాడు.

"బావా, కారు వద్దు. స్పానర్ తే."