తెల్లకారువాడు బతికిన ఏడాది

మొన్న మా కాలేజీలో రోడ్డు భద్రత మీద ఒక పూట కార్యక్రమం పెట్టారు. ఇలాంటివాటికి స్టాఫులో ఎవరో ఒకరు ముందు వరసలో కూర్చుని తల ఊపాలి కాబట్టి, వయసు చూసి నన్ను కూర్చోబెట్టారు. అంబులెన్సులో పనిచేసే ఒకాయన వచ్చి, సెకండియరు పిల్లవాడినొకణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, మెడకి గట్టి పట్టీ ఎలా వెయ్యాలో చూపించాడు. "తల కదలకూడదు. మేం వచ్చేదాకా మీరు లాగొద్దు, ఎత్తొద్దు, నీళ్ళు పట్టొద్దు" అన్నాడు. పడుకున్నవాడు నవ్వాపుకోలేక కదిలిపోతుంటే పిల్లలంతా గొల్లుమన్నారు. నేను లేచి బయటికొచ్చి వరండాలో నిలబడ్డాను. అటెండరు నా ముఖం చూసి, "సార్, మంచినీళ్ళు తెమ్మంటారా" అన్నాడు. వద్దన్నాను. నీళ్ళ మాట ఎత్తితేనే నాకు మా పెదనాన్న గుర్తొస్తాడు. దానికి ఆ పట్టీ కూడా తోడైతే ఇక చెప్పేదేముంది.

ఈ పట్టీ గొడవ మా ఇంట్లోకి 2007లో వచ్చింది, కార్ల రేసుల వెంట. అనకాపల్లిలో కార్ల రేసులేమిటని మీరు నవ్వొచ్చు. మా మెయిన్ రోడ్డులో బెల్లం బళ్ళ మధ్య స్కూటరు తోలినవాడికి వేగమంటే ఏమిటో తెలిసే అవకాశమే లేదు. కానీ అప్పటికి నాకు పెళ్ళి కాలేదు, డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పుకుంటూ పెదనాన్న ఇంటి మేడగదిలో ఉండేవాణ్ణి, కేబులువాడు ఏ కళనున్నాడో స్పోర్ట్స్ ఛానెలు ఇచ్చాడు. టీవీ కింద హాల్లో ఉండేది. ఆదివారం సాయంత్రాలు నేను దాని ముందు చతికిలబడితే పెద్దమ్మ సీరియల్ పోయిందని సణిగేది. అందులోనూ ఆ ఏడాది రేసులు చూసినవాళ్ళెవరూ ఆ ఏడాదిని మరిచిపోరు. ఏళ్ళ తరబడి గెలుస్తూ వచ్చిన ఎర్రకారు మొనగాడు అంతకు ముందు ఏడే ఆట చాలించాడు. ఖాళీ అయిన పీట కోసం ముగ్గురు పడ్డారు. ఒకడు వరసగా రెండేళ్ళు నెగ్గినవాడు. ఇంకొకడు ఆ ఏడే బరిలోకి దిగినవాడు. ఇద్దరిదీ ఒకే జట్టు, తోడికోడళ్ళ సఖ్యత. మూడోవాడు ఎర్రకార్లోకి కొత్తగా వచ్చినవాడు, గెలిచినా ఓడినా నోరు విప్పని మనిషి. వాళ్ళ అసలు పేర్లు మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తిరగలేదు. పెదనాన్న పెట్టిన పేర్లే ఖాయమయ్యాయి: పెద్దోడు, కుర్రోడు, మాటాడనోడు.

పెదనాన్న లారీ డ్రైవరు. అంటే ఒకప్పుడు. అనకాపల్లి బెల్లం దిమ్మల్ని ఒరిస్సా దాకా మోసిన మనిషి. నేను చెబుతున్న నాటికి ఆయన స్టీరింగు వదిలేసి ఏడేళ్ళయింది. బెల్లం మార్కెట్లో ఒక కొట్లో లోడింగు దగ్గర నిలబడి చూసుకునే పని చేసేవాడు, ఒళ్ళంతా బెల్లం వాసనతో ఇంటికొచ్చేవాడు. బస్సెక్కితే చివరి వరసలోనే కూర్చునేవాడు, ముందద్దం కనబడకుండా. మొదట్లో రేసులు చూడకుండా అరుగు మీంచి గొణిగేవాడు. "సరుకు లేదు, పాసింజరు లేడు. ఎక్కడికీ ఎల్లడు, తిరిగి తిరిగి అక్కడికే వత్తాడు. ఇంత తొందరేటిరా ఆడికి?" తర్వాత గుమ్మంలోకి జరిగాడు, ఆ తర్వాత హాల్లోకి వచ్చేశాడు. టైర్లు మార్చడం చూశాక మనిషి పూర్తిగా ఆ మాయలో పడిపోయాడు. కారు ఆగడమేమిటి, అంతమంది మూగి నాలుగు చక్రాలూ ఊడబెరికి వేరేవి తగిలించి, రెప్పపాటులో తరిమేయడమేమిటి. ఆయన బతుకులో సగం జాకీ పక్కన గొంతుక్కూర్చుని గడిచింది. "ఇంతమంది కిలీనర్లేటిరా ఒక్కడికి" అని పకపకా నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. క్లీనరు అనే మాట మా ఇంట్లో ఎవరం వాడేవాళ్ళం కాదు. ఆయన ఆఖరి క్లీనరు మా బావ.

బావ అంటే మా మేనత్త కొడుకు. కోటవురట్ల దగ్గర పల్లెలో చెరకు, వరి పండించుకునే ఇల్లు వాళ్ళది. బావ చిన్నప్పుడే మావయ్య పోయారు, అత్తకి వాడొక్కడే. వాడికి చెరకు తోట కంటే లారీ హారను ఇష్టం. ఎంత చెప్పినా వినకపోతే అత్తే పెదనాన్నకి అప్పగించింది, అన్న పక్కనుంటే తన కళ్ళ ముందున్నట్టేనని. వాడికీ నాకూ నెలల తేడా. నాకు సైకిలు నేర్పింది వాడే, సిగరెట్టు నేర్పిందీ వాడే, సిగరెట్టు సంగతి ఇంట్లో చెప్పేసిందీ వాడే. ఇప్పటికీ వాడి మీద ఆ కోపం కొంచెం ఉంది నాకు. తీర్చుకునే వీలు లేకుండా పోయాడు.

2000లో వినాయక చవితి వెళ్ళాక, ఒరిస్సాలో బెల్లం దించి ఖాళీ బండితో ఇద్దరూ తిరిగి వస్తున్నారు. తెల్లవారుతోంది. శ్రీకాకుళం దాటాక కంకర లారీ ఒకటి చెడిపోయి రోడ్డు మీదే ఆగి ఉంది. వెనక దీపం లేదు, కనీసం ఒక చెట్టుకొమ్మ విరిచి పెట్టలేదు. పెదనాన్న ఒక్కసారిగా కుడికి కోశాడు. తనవైపు తప్పింది, క్లీనరు వైపు తగిలింది. రేకులో కాళ్ళు ఇరుక్కుని కూర్చున్న బావ, నుదుటి మీది రక్తాన్ని తన చేత్తో తనే తుడుచుకుని, "మావా, నాకేటవలేదు. నువ్వు బండి సూసుకో" అన్నాడట. వెనకొస్తున్న బస్సు ఆగింది, జనం దిగారు. పెదనాన్న వాడి చంకల కింద చేతులు వేసి పట్టాడు, ఆయన్ని వెనక నుంచి నలుగురు పట్టారు. గట్టిగా లాగితే వచ్చేశాడు. గట్టు మీద పడుకోబెట్టి, ఎవరో ఇచ్చిన సీసాతో పెదనాన్నే నీళ్ళు పట్టాడు. రెండు గుక్కలు దిగాయి. ఆసుపత్రికి చేర్చేసరికి బావ లేడు.

ఊళ్ళో జనం నానా మాటలూ అన్నారు. రెప్ప వాలి ఉంటుందన్నారు, తాగి ఉంటాడన్నారు. ఆయన టీ తప్ప తాగి ఎరగడు. అత్త మాత్రం అన్నని ఒక్క మాట అనలేదు. ఏటా బావ పోయిన తిథికి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఒకే సంగతి చెప్పేది. "మా అన్నయ్య ఆ ఇనప తుక్కులోంచి నా కొడుకుని ఇవతలికి లాగేడు. తన సేత్తో నీళ్ళు పట్టేడు. నా కొడుకు గొంతు తడుపుకునే ఎల్లేడు." అది విన్నాకే పెదనాన్న విస్తరి ముందు కూర్చునేవాడు. ఆ మాట మీదే ఆయన మళ్ళీ ఏడాది దాకా బతికేవాడు. ఇది నేను ఏదో అందంగా చెబుతున్నది కాదు, కళ్ళారా చూశాను.

జూన్‌లో కెనడా రేసు. మనకది బాగా పొద్దుపోయి వస్తుంది, అందుకని మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వేసినప్పుడు చూశాం. కాలేజీకి ఇంకా సెలవులే. పెద్దమ్మ తాండ్ర ముక్కలు పెట్టింది, పెదనాన్న ఒకటి బుగ్గన పెట్టుకుని కూర్చున్నాడు. తెల్లకారొకటి ముందు కారు చక్రానికి తగిలి గాల్లోకి లేచింది. గోడకి గుద్దుకుని, ముక్కలు రాల్చుకుంటూ రోడ్డుకి అడ్డంగా దొర్లి, ఇంకో పక్కకి పోయి ఒరిగి ఆగింది. అది కారు అని చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ముక్కు ఊడిపోయి లోపలివాడి పాదాలు బయటికి కనబడుతున్నాయి. పెదనాన్న లేచి నిలబడ్డాడు. చేతులు రెండూ ముందుకి చాపాడు. "లాగండ్రా. సూత్తారేటి, లాగండి" అన్నాడు టీవీతో. ఎవరూ లాగలేదు. మనుషులు పరిగెత్తుకొచ్చారు, డాక్టరు వచ్చాడు, అందరూ వంగి ఏదో చేస్తున్నారు కానీ ఒక్కడు కూడా చెయ్యి పట్టి ఈడ్వలేదు.

"ఎందుకని లాగట్లేదురా?"

"మెడ విరిగుంటే, లాగితే పోతాడు పెదనాన్నా. లోపల నరాలు తెగిపోతాయి. మెడ కదలకుండా పట్టీ వేసి, అప్పుడు నెమ్మదిగా తీస్తారు."

క్లాసులో చెప్పినట్టు చెప్పాను. చెబుతున్నంతసేపూ నాకు శ్రీకాకుళం రోడ్డు గుర్తు రాలేదు, ఒట్టు. చెప్పడం అయ్యాక వచ్చింది. అప్పటికే ఆయన కూలబడ్డాడు. కుడిచేయి ఎత్తి దానివైపే చూస్తున్నాడు. "ఆడు రక్తం తుడుసుకున్నాడురా. సెయ్యి ఆడింది" అన్నాడు. ఆ చేతిని ఒళ్ళోకి దించుకుని, "లాగేక, గట్టు మీద ఆడలేదు" అన్నాడు. నేను ఏవేవో అన్నాను. అప్పుడు మనకెవరికి తెలుసన్నాను, ఆ వేళప్పుడు డాక్టరెక్కడి నుంచి వస్తాడన్నాను, లాగకపోయినా దక్కేవాడో లేదో ఎవరు చెప్పగలరన్నాను. అన్నీ నిజాలే. ఒక్కటీ పనికి రాలేదు.

తెల్లకారువాడు బతికాడు. కాలు బెణికిందట, అంతే. ఒక్క రేసు మానేసి, ఆ తర్వాతదానికి నవ్వుతూ వచ్చి కార్లో కూర్చున్నాడు. ఇక పెదనాన్న ఒక్క ఆదివారం కూడా వదల్లేదు. పెద్దోడూ కుర్రోడూ ఒకరినొకరు తినేసేలా ఉన్నారు, ఒక జట్టు రహస్యాలు ఇంకో జట్టు చేతికి చిక్కాయని పెద్ద పంచాయితీ నడుస్తోంది, మాటాడనోడు చప్పుడు చెయ్యకుండా వెనకే వస్తున్నాడు. ఇవేవీ ఆయనకి పట్టలేదు. తెల్లకారు కనబడగానే, "ఆడేనా?" అనేవాడు. వాడే అంటే, "మెడ బాగుందా?" అనేవాడు. బాగుందంటే సంతోషపడేవాడో ఏడ్చేవాడో తెలిసేది కాదు. మార్కెట్లో బెల్లం దిమ్మ ఎత్తబోయిన కూలీని ఆపి, ఇద్దరు పట్టి నెమ్మదిగా దించాలని పేచీ పెట్టేవాడట. వాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఇంట్లో మాకు నవ్వు రాలేదు. తిండి తగ్గిపోయింది, చొక్కాలు వదులైపోయాయి. ఆయన్ని తినేస్తున్నది ఒకటే, ఇది చెల్లెలికి చెప్పాలా వద్దా అని. చెబితే ఆవిడకి మిగిలిన ఆ కాస్త ఊరటా పోతుంది. చెప్పకపోతే ఆ మాట వింటూ ఆ ఇంట్లో అన్నం తినాలి. పెద్దమ్మ అయితే, "సెప్పీకు. దాని నోటికాడ కూడు తీసీకు" అని బతిమాలింది.

ఆ ఏడాది తిథికి నేనూ వెంట వెళ్ళాను. కోటవురట్ల బస్సులో చివరి వరస, కుదుపులన్నీ మావే. వానలు బాగా పడి చెరకు మనిషెత్తు దాటింది. అత్త ఇంటి అరుగు మీద పొరుగువాళ్ళు నలుగురైదుగురు కూర్చున్నారు. భోజనాలకి ముందు అత్త ఎప్పటిలాగే మొదలుపెట్టింది, "మా అన్నయ్య ఆ ఇనప తుక్కులోంచి" అని. పెదనాన్న లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. అత్త చేతిలో చెంబుతో వెనకే వెళ్ళింది, ఆవిడ వెనక నేను.

"ఏటన్నయ్యా, ఒంట్లో బాగోలేదా?"

"నాను లాగకుండా ఉండాల్సిందమ్మీ" అన్నాడు పెదనాన్న. "ఆడి మెడ నాను లాగబట్టే తెగిపోయింది. ఆడు నా సేతుల మూలానే పోయేడు. టీవీలో సూసేను. ఈడు సెప్పేడు." నావైపు చూపించాడు.

అత్త నన్ను చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. చెంబు నూతి గట్టు మీద పెట్టి, చెయ్యి చీరకి తుడుచుకుంది.

"నాకు తెలుసు" అంది. "ఆ రోజే ఆసుపత్రిలో డాక్టరు నన్ను పక్కకి పిలిసి అడిగేడు, ఎవులు లాగేరమ్మా అని. అలా లాగకుండా ఉండాల్సిందన్నాడు. దారినపోయే బస్సోళ్ళు లాగేరని సెప్పేను."

పెదనాన్న ఆవిడ వైపు తిరిగాడు. "మరి ఏటేటా ఆ నీళ్ళ మాట?"

"నువ్వు బతకాల కదా. కొడుకెల్లిపోయేడు. నువ్వూ ఎల్లిపోతే నాకెవులున్నారు?" అంది అత్త. చెంబు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "నీకు తెలీకుండా ఉంటే సాలనుకున్నాను. ఇన్నేళ్ళూ కాపలా కాసేను అన్నయ్యా. ఇంక కాయడానికేటీ లేదు" అంది.

ఇద్దరూ ఏడవలేదు. లోపలికొచ్చారు, విస్తళ్ళు వేశారు, వడ్డించింది తిన్నారు. తిరుగు బస్సులో పెదనాన్న డ్రైవరు వెనక సీట్లో కూర్చుని ఊరొచ్చేదాకా అద్దంలోంచి రోడ్డునే చూశాడు. ఇక దేన్ని చూడకుండా తప్పించుకోవాలి అనుకున్నాడేమో. ఆ ఆదివారం నేను టీవీ పెడితే హాల్లోకి రాలేదు. ఆ తర్వాత నేనూ పెట్టలేదు. అక్టోబరులో ఆఖరి రేసుకి ముగ్గురికీ గెలిచే వీలుంది. మాటాడనోడు ఒక్క పాయింటు తేడాతో ఆ ఏటి కప్పు ఎగరేసుకుపోయాడు, పెద్దోడూ కుర్రోడూ సరిసమానంగా వెనకబడిపోయారు. ఇంత గొప్ప ముగింపు నేను పేపర్లో చదివాను. పెదనాన్నకి చదివి వినిపిద్దామని అరుగు మీదకి వెళితే, ఎవడు గెలిచాడని అడగలేదు. "తెల్లకారోడు బాగున్నాడా?" అన్నాడు. బాగున్నాడన్నాను. తల ఊపి అటు తిరిగాడు.

ఆయన ఆ తర్వాత రెండేళ్ళు కూడా లేడు. రోగమని చెప్పుకోదగ్గదేమీ లేదు, తగ్గిపోతూ తగ్గిపోతూ మంచానికి అంటుకుపోయాడు. ఆఖరి రోజున కబురు పెడితే అత్త వచ్చింది. అన్న తలని రెండు చేతులతో పట్టి, కదలకుండా తన ఒళ్ళో పెట్టుకుని, నోట్లో నీళ్ళు పోసింది. రెండు గుక్కలు దిగాయి. అత్త ఇప్పుడు ముసలిదైపోయింది. బావ తిథికి నేను తప్పకుండా వెళతాను, అన్నం పెడుతుంది, చెరకు ధర గురించీ మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడుతుంది. ఆ నీళ్ళ మాట మళ్ళీ ఆవిడ నోట రాలేదు. రేసుల్లో సెకనులో వెయ్యో వంతుకి కూడా లెక్క రాసుకుంటారు. మా అత్త కాపలా కాసిన ఆ ఏళ్ళకి మాత్రం గడియారం పట్టి చూసినవాడు లేడు, అవి కూలిపోవడానికి ఒక ప్రశ్నకి జవాబు చెప్పినంత సేపు చాలింది.